నివురుగప్పిన నిప్పు: పెరటి ఇటుకబట్టీ సంరక్షణము

నిప్పు రాజేయుట యెల్లరును ఎఱిగిన పని. రాజిన నిప్పులోని వేడిని కావలసినంత సేపు నిలుపుకొనుటయే విద్య. ఈ విద్య మన పూర్వపు స్త్రీలకు క్రొత్తది కాదు. అగ్గిపెట్టెలు లేని దినములలో వారు రాత్రి వంట ముగిసిన పిదప పొయ్యిలోని కణికలపై బూడిద కప్పి పరుండెడివారు. తెల్లవాఱిన తరువాత ఆ బూడిదను త్రోసి, అదే నిప్పుతో మరల పొయ్యి రాజేసికొనెడివారు. నివురుగప్పిన నిప్పు అను పలుకుబడి మనకు ఆ పొయ్యినే జ్ఞప్తికి దెచ్చును. ప్రొద్దుట దాలిలో పెట్టిన పాలకుండ పిడకల సన్నసెగకు సాయంకాలము వఱకు కాగి, ఎఱ్ఱని మీగడ కట్టుటయు ఈ విద్యయే.

ఇటీవల మన పెరళ్లలో ఈ విద్యకు మరల పని కలిగినది. ఇటుకలతో గుమ్మటమువలె కట్టి, లోపల కట్టెలు మండించి, రొట్టెలు కాల్చుకొను బట్టీలను గృహస్థులు తామే కట్టుకొనుచున్నారు. హైదరాబాదు నగరమున ఇరానీవారి రొట్టెల అంగళ్లలో కట్టెల బట్టీలు చాలకాలముగా నున్నవి గాని, ఇంటి పెరటిలో నిట్టి బట్టీ యుండుట మా ప్రాంతమున క్రొత్త వేడుక. సెలవు దినములలో మగవారును పిల్లలును ఉత్సాహముతో కట్టుదురు. వేసవియంతయు రొట్టెలు చక్కగా కాలును. అటుపిమ్మట వానలు వచ్చును. కార్తికమాసము నాటికి ఆ బట్టీయే పగుళ్లు వాఱి, పొగ గ్రక్కుచు, ముందటికంటె నెక్కువ కట్టెలు మ్రింగుచు, రొట్టెను పైన మాడ్చి లోన పచ్చిగా విడుచును. కట్టిన యుత్సాహము ఎవరిదైనను, ఆ పొగలో నిలిచి కన్నులు తుడుచుకొను పాలు తఱచుగా మనదే కదా.

కావున ఈ వ్యాసమున బట్టీని కట్టు విధము గాక, కట్టిన బట్టీలోని వేడి వెలికి పోకుండను, వెలుపలి వాన లోనికి రాకుండను కాపాడు విధమును సోదరీమణులకు మనవి చేయుచున్నాము. సముద్రతీరమునకు దాపున నున్న మా యూర మూడు వానకాలములు గడపిన బట్టీ మా పెరట నున్నది. దానిచే మాకు తెలిసినదియు, మా యింటివారు తమ పాఠశాలలో బోధించు ప్రకృతిశాస్త్రమువలన దానికి దొరకిన కారణములును ఇందు వ్రాయుచున్నాము.

వేడి నిలుచుట, వేడి దాగుట

ఇటుకబట్టీ మన గ్యాసుపొయ్యి వంటిది కాదు. రొట్టె కాలు సమయమున అందు మంట యుండనక్కఱలేదు. రెండు మూడు గంటలు కట్టెలు మండించి, ఇటుకలు వేడిని త్రాగిన పిదప, కణికలను బయటికి లాగి, నేలను తుడిచి, రొట్టెలను లోపల బెట్టి మొగము మూయుదుము. అప్పటినుండి వంట చేయునది ఇటుకలలో నిలువయున్న వేడియే.

ఇచ్చట పలువురు పొరపడు విషయ మొకటి కలదు. గోడ ఎంత దళసరిగా నున్న నంత వేడి దాగునని తలంచుదురు. దళసరి యిటుక వేడిని ఎక్కువగా త్రాగును. ఆ మాట నిజము. కాని త్రాగినదానిని వెలుపలి గాలికి, క్రింది నేలకు ఇచ్చివేయుచునే యుండును. ధాన్యము పోయు గాదె యొకటి. ఆ గాదెకు కన్నము పడకుండ చూచు కాపుదల వేఱొకటి. ఇటుక గాదె వంటిది. కాపుదల చేయునది ఇటుక కాదు. దాని చుట్టునుండు తేలికయైన, గుల్లయైన పొర. ఉన్ని శాలువ మనకు చలి ఆపుట దానిలో చిక్కుకొనిన గాలిచేతనే. కదలక నిలిచిన గాలి వేడిని మిక్కిలి నెమ్మదిగా పోనిచ్చును. బూడిద, పొంగించిన వర్మిక్యులైటు మొదలైనవన్నియు గాలిని చిన్న చిన్న అఱలలో బంధించి యుంచునవే.

ఇక నీటి సంగతి. నిశ్చలమైన గాలికంటె నీరు ఇరువది రెట్లకు మించి వేడిని మోయును. గుల్లపొరలోని గాలి యఱలు నీటితో నిండినచో శాలువ తడిసినట్లే. కప్పుకొనిన కొలదియు చలి. కనుక బట్టీకి రెండు వస్త్రములు కావలయును. లోపలి వస్త్రము వేడిని దాచునది. వెలుపలి వస్త్రము తడిని ఆపునది. మొదటిది లేనిచో కట్టెలు నష్టమగును. రెండవది లేనిచో మొదటిదియు నష్టమగును. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మింతియే. తక్కినదంతయు దీని వివరణము.

గాదె క్రింది పందికొక్కు

బట్టీకి పైన గుమ్మటము కనబడును గాన దానికి అందఱును ఏదో యొక కప్పు వేయుదురు. రొట్టె కూర్చుండు నేల క్రింద ఏమున్నదో యెవరును చూడరు. గాదె క్రింద పందికొక్కు చేరినట్లు వేడి అచ్చటనే తఱిగిపోవును. పైభాగము ఎఱ్ఱగా కాలి అడుగు పచ్చిగా నుండు రొట్టెకు కారణము తఱచుగా నిదియే.

నేల యిటుకల క్రింద ఇసుక పోసిన చాలునని కొందఱందురు. ఇసుక యిటుకలను సమముగా కూర్చుండబెట్టుటకు ఉపకరించును గాని, వేడి నాపుటకు ఉపకరింపదు. నేల యిటుకల క్రింద కనీసము నాలుగంగుళముల గుల్లపొర యుండవలయును. అది పైబరువును మోయవలసి యుండును గనుక వట్టి బూడిద పనికిరాదు; క్రుంగిపోవును. దీనికి రెండు మార్గములు గలవు.

మొదటిది వర్మిక్యులైటు. ఇది మనము కాకిబంగార మని పిలుచు అభ్రకమును బోలిన ఖనిజము. వేడిచేసినచో పొరలు విచ్చి అనేక రెట్లు పొంగి, అటుకులవలె తేలిక యగును. పూలకుండీలకును మొక్కలకును కావలసిన సామగ్రి యమ్ము అంగళ్లలో దొరకును. కొలతకు ఐదు పాళ్లు వర్మిక్యులైటు, ఒక పాలు సిమెంటు, తడి పొడిగా కలిపి, నేల పొరగా పఱచి, మెల్లగా అదిమి, ఆరనియ్యవలయును. గట్టిగా దిమ్మిస కొట్టినచో గాలి యఱలు నలిగి మన శ్రమ వృథా యగును.

రెండవది ఊకయిటుక. బంకమట్టిలో ఊక మిక్కుటముగా కలిపి ఇటుకలు చేసి, ఆరబెట్టి, కుమ్మరి ఆవములో కాల్పించిన, ఊక కాలిపోయి దాని చోట సన్నని బొఱియలు మిగులును. ఇటుక చేతికి తేలికగా నుండును. మా బట్టీ నేల క్రింద నున్నవి మా యూరి కుమ్మరి చేసి యిచ్చిన యిట్టి యిటుకలే.

ఈ గుల్లపొరకు క్రింద నేలతడి ఎక్కకుండ ఎత్తైన అరుగు కావలయును. రెండున్నర అడుగుల యెత్తైనచో నడుము వంచకుండ పని చేసికొనవచ్చును. అరుగుపై కడపబండ పఱచుట మన ప్రాంతమున వాడుక. మంచిదే. కాని ఆ బండను రొట్టె కాలు నేలగా మాత్రము వాడరాదు. కడపబండయు తాండూరుబండయు సున్నపురాతి జాతులు; నిప్పు తగిలిన పొరలు విచ్చి చిట్లును. అరుగుపై బండ, దానిపై గుల్లపొర, దానిపై పలుచని యిసుక, ఆపై నిప్పునకు తాళు ఇటుకలు, ఇది వరుస.

గుమ్మటమునకు శాలువ

గుమ్మటము కట్టిన వెంటనే దానిపై ఏ పొరయు వేయరాదు. క్రొత్త కట్టడములో నీరు దాగి యుండును. ఆ నీటిని లోపలనే యుంచి శాలువ కప్పుట, తలంటుకొనిన పిల్లకు తల తుడువకయే ముసుగు వేసినట్లుండును. కట్టిన పిమ్మట పది దినములైన నీడలో ఆరనిచ్చి, ఆపై దినమున కొక చిన్న మంట పెట్టవలయును. మొదటి దినమున చితుకులు మాత్రమే; మఱునాడు కొంచె మెక్కువ; ఈ విధముగా వారమునకు తక్కువ కాకుండ నడపవలయును. సన్నని నెఱ్ఱెలు పడిన భయపడనక్కఱలేదు. ఇటుక వేడికి పెరిగి చల్లారి తఱుగును గనుక అవి సహజములు. వానిని సన్నని బంకమట్టియు ఇసుకయు కలిపి పూడ్చిన చాలును. లోపలి యిటుకల నడుమను ఇదే మిశ్రమము వాడుట మేలు. సిమెంటు నాలుగువందల డిగ్రీల పైబడిన వేడికి పొడియై పట్టు విడుచును; అంతట ఊరకుండక, మరల తడి తగిలినచో ఉబ్బి పగులును. వేసవిలో బాగుగ నుండి వానకాలమున విచ్చిపోవు బట్టీల రహస్యములలో నిది యొకటి.

బట్టీ ఆరిన పిదప గుల్లపొర వేయవలయును. మా ప్రాంతమునకు మిక్కిలి తగినది, మిక్కిలి చవుకైనది ఊకబూడిద. నూరు కిలోల వడ్లకు సుమారు ఇరువది కిలోల ఊక వచ్చును. దానిని కాల్చిన సుమారు నాలుగు కిలోల బూడిద మిగులును. ఉప్పుడుబియ్యపు మిల్లులలో నిది గుట్టలుగా పడియుండును. ఈ బూడిదలో నూటికి 85 పాళ్లకు పైగా సిలికాయే. అది నిప్పునకు లొంగదు, మిక్కిలి గుల్ల. ఉక్కు కర్మాగారములలో కరగిన యుక్కు చల్లారకుండ దానిపై చల్లుటకు సైత మీ బూడిదను వాడుదురన్న, దీని గుణము తెలియగలదు.

వాడు విధ మిది. గుమ్మటము చుట్టును నాలుగంగుళముల నుండి ఆరంగుళముల యెడము విడిచి, ఒంటియిటుక గోడను చతురముగా లేపి, గుమ్మటము నెత్తిపై మఱొక యాఱంగుళము లెత్తువఱకు ఆ గూటిని పొడి బూడిదతో నింపవలయును. పైన పెంకుల కప్పు. ఇంతకంటె సులభమైన పద్ధతి మాకు కానరాలేదు. కొన్ని నెలలకు బూడిద కొంత దిగును. అప్పుడు మరల రెండు తట్టలు పోసిన సరిపోవును.

ఇందు రెండు జాగ్రత్తలు. కాల్చని ఊకను బూడిదకు మాఱుగా నింపరాదు. అది లోలోపల రాజి, రెండు దినముల తరువాత ఎవరును లేని వేళ పొగలెత్తగలదు. నల్లని బూడిదలోను కాలవలసిన బొగ్గు మిగిలి యుండును. కావున బూడిదరంగునకు తిరిగినదానినే యేఱుకొనవలయును. రెండవది, పోయునపుడు లేచు దుమ్ము ఊపిరితిత్తులకు హాని. ముక్కునకు మందుల అంగడిలో దొరకు గట్టి మాస్కు కట్టుకొని, పిల్లలను దూరముగా నుంచి, బూడిదపై కొంచెము నీరు చిలికి పోయవలయును. ఆ తడి తరువాతి చిన్న మంటలకు ఆరిపోవును.

గుండ్రని యాకారమే ముద్దనుకొనువారు గూడు కట్టక, కొలతకు ఎనిమిది పాళ్లు వర్మిక్యులైటునకు ఒక పాలు సిమెంటు కలిపి, గుమ్మటముపై నాలుగంగుళముల దళసరిగా మెత్తవచ్చును. సిరామికు ఉన్ని దుప్పట్లు కూడ నిప్పుడు దొరకుచున్నవి. పలుచనైనను బాగుగ పనిచేయును. కాని వాని నూగు పీల్చరానిది. చేతులకు తొడుగులు, ముక్కునకు మాస్కు లేకుండ ముట్టరాదు. పైన గట్టి పూత వేసి మూయవలయును.

ఇంకొక మాట ప్రాధేయపడి చెప్పుచున్నాము. పాత యింటికప్పునుండి దించిన సిమెంటు రేకులను ముక్కలుచేసి బట్టీ చుట్టును పేర్చువారు గలరు. అందు ఆస్‌బెస్టాసు నార యుండును. ఆ నార ధూళియై ఊపిరితిత్తులలో చేరి, ఎన్నో యేండ్లకు క్యాన్సరు గలిగించునని నిస్సందేహముగా తేలినది. అట్టి రేకును విఱుగగొట్టుటయు, కోయుటయు, మేకు దింపుటయు తగదు. ఊరక దొరకినదని తెచ్చుకొనిన యా రేకు ధర పిల్లలు చెల్లింపవలసి వచ్చును.

వాన సంగతి

ఒక చదరపు మీటరు స్థలముపై ఒక మిల్లీమీటరు వాన కురిసిన ఒక లీటరు నీరగును. ఒకటిన్నర చదరపు మీటర్ల బట్టీపై, సంవత్సరమునకు 900 మిల్లీమీటర్ల వాన కురియు చోట, 1350 లీటర్ల నీరు పడునన్నమాట. మంచి యిటుకయైనను నీట నానినచో తన బరువులో ఇరువదవ వంతు కాదు, నూటికి ఇరువది పాళ్ల వఱకు నీరు పీల్చవచ్చునని భారతీయ ప్రమాణములే యొప్పుకొనుచున్నవి. మూడు కిలోల యిటుక అర కిలోకు పైగా నీరు దాచుకొనగలదు. నూఱిటుకల లెక్క పాఠకురాండ్రే కట్టుకొనవచ్చును.

ఆ నీటినంతయు వెడలగొట్టవలసినది మన కట్టెలే. ముప్పది డిగ్రీల నీటిని మరుగు వఱకు తెచ్చుటకు పట్టు వేడికంటె, మరిగిన నీటిని పూర్తిగా ఆవిరి చేయుటకు ఏడు రెట్లకు మించిన వేడి కావలయును. తడిసిన బట్టీలో మొదట మండిన కట్టెలన్నియు రొట్టె కొఱకు గాక ఈ ఆవిరి కొఱకే మండును. చల్లని తడి గోడల నడుమ మంట సరిగా మండక పొగ యెక్కువ యగును. వంటచెఱకు పొగవలన 2020 సంవత్సరమున లోకమున సుమారు ముప్పదిరెండు లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. పెరటి గాలిలో పొగ కొంత చెదరును గాని, బట్టీ మొగమున వంగి చూచువారికి అది మొగము మీదికే వచ్చును.

ఇంతకంటె భయంకరమైన దింకొకటి. నీరు ఆవిరియైనచో దాని పరిమాణము వేయిన్నర రెట్లకు మించి పెరుగును. తడిసిన గోడను ఒక్కసారిగా పెద్దమంటతో కాచినచో, ఆ ఆవిరి పోవుటకు త్రోవ లేక గచ్చును పెల్లలుగా ఎగురగొట్టును. మే మెఱిగిన యొక యింట వానలు వెలిసిన మఱునాడే పుట్టినదినపు పండుగకని నిండుగ కట్టెలు వేసిరి. గంట గడచునప్పటికి టపాకాయ ప్రేలినట్లు చప్పుడై, అరచేతి యంత గచ్చుపెల్ల యెగిరి, చిన్నపిల్ల అంతకుముందే లేచిపోయిన పీటపై పడినది. పీట కాలినది, పిల్ల దక్కినది. ఈ వ్యాసము వ్రాయుటకు మమ్ము పురికొల్పినది ఆ పీటయే యన్నను తప్పు లేదు.

అగ్నికిని వానకును గల వైరము పురాణప్రసిద్ధము. ఖాండవవనమును దహింపగోరిన యగ్నిపై ఇంద్రుడు వాన కురిపింపగా, అర్జునుడు బాణములతో పైకప్పు కట్టి చినుకు పడనీయలేదని భారతము ఆదిపర్వమున చదువుకొంటిమి. అర్జునుడు అగ్నికి పూత పూయలేదు, కప్పు కట్టినాడు. బట్టీ విషయమునను ఇదియే నీతి. గచ్చుమీద గచ్చు, రంగుమీద రంగు పూయుటకంటె పైన ఒక పందిరి వేయుట శ్రేష్ఠము.

ఆ పందిరికి తాటాకు చల్లనిదే గాని నిప్పురవ్వకు భయము. బెంగుళూరు పెంకులు గాని, నాటుపెంకులు గాని, ఇనుపరేకు గాని మేలు. బట్టీ మొగముమీదికి రెండడుగులు చూరు ముందునకు రావలయును. పొగగొట్టము కప్పును దాటు చోట కఱ్ఱవాసములు దానికి తగులకుండ ఎడము విడిచి, చుట్టును రేకు తొడుగు వేయవలయును. చూరునీరు అరుగు మొదట పడి చిందకుండ చిన్న కాలువ తీయవలయును. నాలుగు ప్రక్కలును మూయరాదు. మూసినచో పొగయు, కంటికి కనబడని విషవాయువును నిలిచి ప్రాణాపాయము గలుగును. 1977 నవంబరు 19వ తేదీనాటి దివిసీమ ఉప్పెనను, 2014 అక్టోబరు 12వ తేదీన విశాఖపట్టణమును తాకిన హుద్‌హుద్ తుపానును ఎఱిగిన తీరవాసులకు గాలి సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. స్తంభములను లోతుగా పాతి, రేకును మరలతో బిగింపవలయును. ఎగిరిన రేకు కత్తి వంటిది.

మొగము ఏ దిక్కున నుండవలె నన్నచో, మన తీరమున నైరృతి వానలును ఈశాన్యపు వానలును రెండును గలవు. ఆ రెండు దిక్కులను తప్పించి మొగము పెట్టుకొనుట యుక్తము. ఆగ్నేయమును అగ్నిస్థానముగ నెంచిన పెద్దల మాట ఇచ్చట గాలివానకును సరిపోయినది.

గోడకు ఊపిరి

పందిరి యున్నను జల్లు కొంత తగులును. అందుకై వెలుపలి గోడకు పూత కావలయును. ప్లాస్టికు రంగులు, నీరు చొరనీయని పూతలు వేసినచో బట్టీ రక్షింపబడునని తోచును. కాని అవి వెలుపలి నీటిని ఆపినట్లే లోపలి ఆవిరినికూడ ఆపును. ఎక్కడనో యొక సన్నని నెఱ్ఱెనుండి చొచ్చిన నీరు మరల బయటికి రాలేక, పూతను బొబ్బలెత్తించును. బట్టీ గోడ ఊపిరి విడువగలిగి యుండవలయును.

సున్నపు గచ్చు ఈ గుణము గలది. వానజల్లును చాలవఱకు ఆపును. లోపలి ఆవిరిని పోనిచ్చును. గానుగ పట్టిన సున్నమును ఇసుకను కలిపి, కరక్కాయయు బెల్లమును నానబెట్టిన నీటితో పదును చేయుట మన తాపీపనివారు పూర్వమునుండి యెఱిగిన పద్ధతి. రెండు పలుచని పూతలు, నడుమ కొన్నిదినముల వ్యవధి యుంచి వేయవలయును. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి నెమ్మదిగా రాయియగును. ఆ కొన్ని వారములును ఎండ సూటిగా తగులకుండ తడి గోనెలు వ్రేలాడదీయుట అవసరము. ఏటేట ఒక సున్నపు వెల్ల వేసిన గోడ చాలకాలము నిలుచును.

గూడు కట్టక గుండ్రముగా మెత్తినవారు నెత్తిన ఒక చిన్న గొట్టమును గుల్లపొర వఱకు దింపి, పైన మూకుడు వంటి మూత పెట్టవలయును. ఆవిరి పోవుట కది త్రోవ. లోపల తడి యున్నదో లేదో తెలిసికొనుటయు దానివలననే. బట్టీ వేడిగా నున్నపుడు ఒక చల్లని స్టీలు పళ్లెమును ఆ గొట్టముపై పట్టిన, చెమర్చినచో లోపల తడి యున్నట్లు. పొడిగా నున్నచో నిశ్చింత.

ప్లాస్టికు బరకాలను బట్టీకి చుట్టి కట్టుట చాలమంది చేయు పని. వేడి బట్టీపై అది కరగును. చల్లని బట్టీపై లోపల చెమ్మ పట్టించును. తుపాను వేళ తప్పనిసరియైనచో, చల్లారిన బట్టీపై కఱ్ఱల నిలిపి గాలి యాడునట్లు కట్టి, వాన వెలియగనే తీసివేయవలయును.

వానల తరువాత

పలుదినములు వాడని బట్టీని ఒక్కసారిగా కాచరాదు. మొదటి దినమున చితుకులతో గంటసేపు చిన్నమంట. రెండవ దినమున కొంచెము పెద్దమంట. మూడవ దినమున వంట. గోడపై నల్లని తడిమచ్చలున్నను, పళ్లెము చెమర్చినను, ఇంకొక రెండు దినము లాగవలయును. ఆ దినములలో పిల్లలను మొగమున కెదురుగ కూర్చుండనీయరాదు. లాగిన కణికలను మూతగల ఇనుప బాల్చీలోనే వేయవలయును.

కాపుదల సరిగా కుదిరినదో లేదో చూచుకొనుటకు కాటాయు, ఒక చిన్న ఉష్ణమాపకమును చాలును. వండిన ప్రతిసారియు ఎన్ని కిలోల కట్టెలు వేసినదియు, మఱునాటి యుదయమున లోపల నెన్ని డిగ్రీలున్నదియు పాలలెక్క వ్రాసికొనునట్లు ఒక పుస్తకమున వ్రాసికొనవలయును. కట్టెలు పెరుగుచు, ఉదయపు వేడి తఱుగుచు వచ్చినచో ఎక్కడనో తడి చేరినదని యర్థము. వెలుపలి గోడ చేతికి కాలుచున్నను పొర చాలలేదని గ్రహింపవలయును; నులివెచ్చగా మాత్రమే యుండుట మంచి గుఱుతు.

బాగుగ కప్పిన బట్టీ ఒక్క మంటకు ఎన్నివిధముల ఋణము తీర్చునో చూడుడు. మొదటి వేడికి పలుచని రొట్టెలు, అది రెండువందల డిగ్రీలకు దిగినపుడు గట్టిరొట్టె, నూటయేబదికి బిస్కత్తులు, ఆపై చిలగడదుంపలు, రాత్రికి మూత బిగించి పాలకుండ. మఱునాటి ప్రొద్దున ఆ మిగిలిన సెగకు వంకాయ ఒరుగులును, కరివేపాకును ఎండును. చేయి లోపల తాళగల యంతగా చల్లారిన పిదప మఱుసటి వంటకు కావలసిన చితుకులను పేర్చిన అవియు పొడియగును. పొడికట్టెకు పొగ తక్కువ. దాలిగుంటను మఱచిన మన యిండ్లకు ఇది క్రొత్త దాలి.

ఈ పనులన్నిటికిని మన పంచాంగములోనే తగిన కాలము లున్నవి. సంక్రాంతి దాటిన పిదప అరుగును గుమ్మటమును కట్టి, ఉగాదిలోపల చిన్నమంటలతో ఆరబెట్టి, చైత్రమున బూడిద పోసి సున్నపు పని ముగింపవలయును. రోహిణికార్తె యెండలకు ముందే పందిరి నిలువవలయును. పాత బట్టీ యున్నవారు ఆ కాలముననే పెంకులు సర్ది, నెఱ్ఱెలు పూడ్చి, వెల్ల వేసికొనవలయును. మృగశిర తొలిచినుకు పడునాటికి బూడిద పొడిగా నున్నచో, ఆ యేటికి కట్టెల ఖర్చులోను, కంటి నీటిలోను సగము పని తీఱినట్లే.